మీ బీడును మళ్లీ కలగూరగంప చేసుకోండి

పోయిన బతుకమ్మకు గునుగు పూలు ఎక్కడివి?

శాలిబండలోనో, లాల్‌దర్వాజలోనో, ఛత్రినాకలోనో ఉంటున్నారు. మహేశ్వరం పక్కనో కందుకూరు పక్కనో తాతల నాటి నాలుగెకరాల చెలక ఉంది. అందులో సగం దున్నేవాళ్లు లేక పడావు పడింది. అంత నేల పెట్టుకుని కూడా పండుగ ముందు రోజు బజారుకు వెళ్లి గునుగు కట్టలు బేరమాడి కొనుక్కొచ్చారు. కొనేటప్పుడు మీ అమ్మ ఈ మాట అనే ఉంటుంది: "మన చెలకల మోకాలెత్తు ఉంటుండె బిడ్డా. కోసినకొద్దీ ఉంటుండె."

మరి ఏమైంది? వాన మీద నెపం పెట్టబోతున్నారా? ఆగండి. అదే వాన మీ పక్క చెలకలోనూ పడింది. అక్కడ గట్టు పొడుగునా గునుగు తెల్లగా, గులాబీగా నిలబడి ఉంది. మీ దగ్గర మాత్రం పచ్చగా ఒకటే గడ్డి, మధ్య మధ్య వయ్యారిభామ. వాన ఒకటే, మట్టి ఒకటే, ఎండా ఒకటే. తేడా ఎక్కడుంది? ఎవరు ఎప్పుడు కోశారు, ఎంత మేపారు, ఏం చల్లారు అన్న దగ్గర ఉంది. అంటే మన చేతిలో ఉంది. అందుకే ఈ అధ్యాయం రాస్తున్నాను. చేతితో పోగొట్టుకున్నదాన్ని చాలావరకు చేతితోనే తెచ్చుకోవచ్చు. ఓపిక కావాలి, మూడు నాలుగు వానాకాలాల ఓపిక. ఖర్చు మాత్రం పెద్దగా లేదు. నిజం చెప్పాలంటే ఇందులో సగం పనులు చేయకుండా ఉండాల్సినవే.

ముందు మూసీ ఒడ్డుకు రండి. పాతబస్తీ వాళ్లకు ఇంతకంటే మంచి బడి లేదు.

చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ దాటి నాగోలు, పీర్జాదిగూడ, ప్రతాపసింగారం వైపు నది వెంట ఏళ్లుగా పండుతున్న నీటి గడ్డిని మీరు చూసే ఉంటారు. పుస్తకాల్లో దాని పేరు పారా గడ్డి. ఆఫ్రికా నుంచి వచ్చింది. తీగలా పాకుతుంది, కణుపు కణుపుకూ వేరు దించుతుంది. విత్తనం అక్కర్లేదు, తీగ ముక్కలు బురదలో తొక్కితే చాలు. నగరం వదిలిన మురుగు నీరు ఏడాది పొడుగునా పారుతుంది, ఆ నీటిలో నత్రజని దండిగా ఉంటుంది. నెలకో నెలన్నరకో ఒక కోత. ఆ కట్టలే ఆటోల్లో, ట్రాలీల్లో బస్తీల్లోని బర్రెల కొట్టాలకు చేరతాయి. ఎన్నో ఇళ్ల పొయ్యి ఆ గడ్డి మీద వెలిగింది. నేను దాన్ని తక్కువ చేసి మాట్లాడను.

కానీ ఒక్కసారి ఆ మడి గట్టు మీద కూర్చుని చూడండి. లోపల ఇంకో మొక్క దొరుకుతుందా? గట్టు మీద కాస్త తుంగ, గుంటగలగర దొరకొచ్చు. మడిలో మాత్రం ఒకటే. ఎడతెగని నీరు, ఎడతెగని బలం, విత్తనం పట్టనివ్వని కోత. ఈ మూడూ కలిస్తే ఏ ఒక్క గడ్డి అందరికంటే వేగంగా లేస్తుందో అదే మిగులుతుంది. మిగతావాటిని ఎవరూ పీకలేదు. నీడ కింద పడి అవే పోయాయి.

ఇదే సంగతిని ఇంగ్లండ్‌లో 1856 నుంచి, అంటే మన మూసీ వరద కంటే యాభై రెండేళ్ల ముందు నుంచి చూస్తున్నారు. లండన్‌కు ఉత్తరాన హార్పెండెన్ ఊళ్లో రోథమ్‌స్టెడ్ అనే వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ లాస్, గిల్బర్ట్ అనే ఇద్దరు ఒక పాత గడ్డి మైదానాన్ని మడులుగా చేసి, ఒక్కో మడికి ఒక్కో ఎరువు వేస్తూ పోయారు. ఏ ఎరువుకు ఎంత మేత వస్తుందో తెలుసుకోవాలన్నదే వాళ్ల ఉద్దేశం. అయితే రెండు మూడేళ్లకే మడులు ఒకదానికొకటి పోలిక లేకుండా మారాయి. ఒక్కో మడిలో ఎవరో వేరే వేరే విత్తనాలు చల్లినట్టు కనిపించాయి. ఇప్పటికీ ఆ ప్రయోగం నడుస్తోంది. ఏ ఎరువూ వేయని మడిలో నలభై రకాల దాకా మొక్కలున్నాయి. సున్నం లేకుండా అమ్మోనియం సల్ఫేట్ ఎక్కువగా పడిన మడుల్లో రెండో మూడో మిగిలాయి. నేల ఒకటే, మధ్యలో గోడ కూడా లేదు.

మూసీ మడి పైరు. పైరును పైరులా చూడాలి. తప్పెక్కడ జరుగుతుందంటే, ఆ మడి లెక్కను తీసుకెళ్లి చెలకలో పడావుకు వేసినప్పుడు. ఇప్పుడు పనిలోకి దిగుదాం.

1. ముందు లెక్కపెట్టండి

గురువారం జుమ్మెరాత్ బజారుకు వెళ్లండి. పాత సైకిల్ రిమ్ము ఒకటి కొనండి. ఇదే మీ పరికరం. వానాకాలం చివర, హస్త కార్తెలో, అంటే సెప్టెంబర్ ఆఖరు, అక్టోబర్ మొదట్లో బీడులోకి వెళ్లి వెనక్కి తిరిగి రిమ్మును విసరండి. చూసి విసరకండి, మన కన్ను మంచి చోటును వెతుక్కుంటుంది. రిమ్ము పడ్డ చోట లోపల ఎన్ని రకాలున్నాయో నోట్‌బుక్కులో రాయండి. పది సార్లు విసరండి. పేర్లు తెలియకపోతే? ఒక్కో ఆకు తెంపి పాత పేపర్లో పెట్టి నంబరు వేయండి. పేరు తరవాత కనుక్కోవచ్చు.

పేర్లకు పుస్తకం కంటే మనిషి మేలు. మీ ఊళ్లో గొర్లు కాసిన కురుమ తాతనో, గొల్ల తాతనో పట్టుకుని ఒక పూట ఆయన వెంట నడవండి.

"తాతా, గిదేం గడ్డి?"

"గది బోద గడ్డి. ముదిరితే ఏ గొడ్డు ముట్టది. గుడిసెల మీద కప్పుతుంటిమి."

"మరి గిది?"

"గది ముల్లు గడ్డి. లేతగున్నప్పుడు తినాలె. ఎన్ను తీసినంక గొర్రె ఉన్నిల గుచ్చుకుంటది, తోలు దాకా పోతది."

గమనించారా? తాత ఒక్క మొక్కకూ పేరు మాత్రమే చెప్పి ఊరుకోలేదు. ఎప్పుడు తినాలో, ఎవరు తింటారో కూడా చెప్పాడు. మీ నోట్‌బుక్కులో ఆ రెండో గడి కూడా గీసుకోండి.

కొన్ని మొక్కలు మీ యాజమాన్యం గురించి మీకే ఉత్తరం రాస్తాయి. తంగేడు, వెంపలి గుబురుగా పెరిగి మధ్యలో నేల బోసిగా ఉందా? అక్కడ మేత ఎక్కువైంది. మేకలు వాటిని పెద్దగా ముట్టవు, చుట్టూ ఉన్నవన్నీ తినేసి వాటిని వదిలేస్తాయి. బతుకమ్మలో తంగేడును చూసి మురిసిపోతాం, మురవాల్సిందే. కానీ చెలక నిండా తంగేడే ఉంటే అది పండుగ వార్త కాదు. గరిక ఒక్కటే చాపలా పరుచుకుందా? కొరికి కొరికి నేలకు అంటించారు. నేల మీద పాకే గడ్డి బతికింది, గుబురు కట్టే గడ్డి చచ్చింది. ఉమ్మెత్త, ముళ్ల తోటకూర దట్టంగా ఉన్నాయా? అక్కడ ఎన్నడో పెంటకుప్ప పోశారు.

2. బీడుకు బలం పెట్టకండి

ఇది వినడానికి కష్టంగా ఉంటుంది, తెలుసు. నేల మీద ప్రేమ ఉన్నవాళ్లే ఈ తప్పు చేస్తారు.

ఇలా అనుకోండి. ధూల్‌పేటలో నాలుగు బర్రెలున్న అన్న ఒకరు, ఊళ్లో బీడు సరిగా ఎదగడం లేదని రెండు బస్తాల యూరియా చల్లించాడు. మొదటి ఏడు గడ్డి నడుముదాకా లేచింది. అన్న సంబరపడ్డాడు. రెండో ఏడు మళ్లీ చల్లాడు. మూడో ఏడు చూస్తే ఒకటి రెండు గడ్లే దట్టంగా ఉన్నాయి. వాటి మొదట్లో ఉండే చిన్న చిన్న పప్పుజాతి మొక్కలు, విష్ణుక్రాంత, తుమ్మి ఎక్కడా లేవు. నాలుగో ఏడు యూరియా ఆపాడు. గడ్డి పలచబడింది, ఆ ఖాళీలోకి వయ్యారిభామ దూరింది. అన్న తప్పేమిటి? బీడును మడి అనుకున్నాడు.

యూరియాలో 46 శాతం నత్రజని. చెలక బీడులో పెరిగే మొక్కలు వందల ఏళ్లుగా బీద నేలకు అలవాటు పడ్డవి. బలం అందితే, వేగంగా ఎదిగే ఒకటి రెండు రకాలు ముందు లేచి మిగతావాటికి ఎండ తగలనివ్వవు. ముందు పోయేవి పప్పుజాతి మొక్కలే. విచారం ఏమిటంటే, గాలిలోని నత్రజనిని పట్టి నేలకు ఉచితంగా ఇచ్చేవి అవే. కొనుక్కున్న బలం చల్లి, ఊరికే వచ్చే బలాన్ని చంపుకుంటున్నాం.

మరి పెంట ఎక్కడ వేయాలి? జొన్న, కంది వేసే చేనులో. బీడులో పశువులు తిరుగుతూ వేసే పేడ చాలు. రాత్రి మందను రోజూ ఒకే మూలన తోలకండి. ఆ మూల బలిసి ఉమ్మెత్త పాలవుతుంది.

3. కొడవలికీ ఒక కార్తె ఉంది

ఈ అధ్యాయంలో ఒక్కటే గుర్తుంచుకునే ఓపిక ఉంటే దీన్ని గుర్తుంచుకోండి.

మన వైపు బీడు జీవితం మృగశిరతో మొదలవుతుంది. హైదరాబాద్ వాళ్లకు తేదీ చెప్పనక్కర్లేదు, చేప మందు పోసే రోజులు. జూన్ తొలకరికి పాత దుబ్బుల మొదళ్లలోంచి పిలకలు వస్తాయి, గింజలు మొలకెత్తుతాయి. ఆరుద్ర, పునర్వసు అంతా ఆకు పెంచుకునే కాలం. పుబ్బ, ఉత్తరలకు ఎన్ను తీస్తాయి. హస్త, చిత్తలకు గింజ పడుతుంది. స్వాతి, విశాఖలకు, అంటే దీపావళి నుంచి కార్తీకం సగానికి, చాలావరకు గింజ ముదిరి రాలిపోతుంది. గునుగుదీ ఇదే దారి. గునుగు ఏడాది మొక్క. గింజ రాలకముందే దాన్ని కోస్తే వచ్చే ఏడుకు ఆ మొక్క లేనట్టే. రెండు మూడేళ్లు వరసగా అదే చేస్తే నేలలో ఉన్న పాత గింజ కూడా అయిపోతుంది.

ఆగస్టులో కోస్తే గడ్డి లేతగా, రుచిగా ఉంటుంది. నవంబర్‌లో కోస్తే ముదిరి ఉంటుంది, బర్రెలు మూతి తిప్పుతాయి. ఏం చేయాలి? రెండూ కావాలంటే బీడును ముక్కలు చేయండి. ఒక ముక్క లేతగా కోసుకోండి. ఒక ముక్క విశాఖ కార్తె దాకా ముట్టకండి. వచ్చే ఏడు ముక్కలు మార్చండి. ఏ ముక్కకూ వరసగా రెండేళ్లు ఆగస్టు కొడవలి తగలకూడదు. ఇంతే నియమం.

ఇక్కడ పాతబస్తీకి మాత్రమే తెలిసే ఒక సంగతి చెప్పాలి. మన దగ్గర మేతకు గిరాకీ పండుగలతో పెరుగుతుంది. బక్రీద్ ముందు జియాగూడ మండీ నుంచి తెచ్చిన మేకలు, గొర్రెలు గల్లీ గల్లీలో కట్టి ఉంటాయి. వాటన్నిటికీ పచ్చి మేత కావాలి. ఆ పండుగ చాంద్ లెక్క కాబట్టి ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2014లో అక్టోబర్ 6న వచ్చింది. 2025లో జూన్ 7న వచ్చింది. ఆలోచించండి. అక్టోబర్‌లో వచ్చినప్పుడు పండుగ కోత గింజ మీద పడుతుంది. జూన్‌లో వస్తే అప్పుడే తలెత్తే పిలక మీద పడుతుంది. మార్చిలో వచ్చే కాలానికి ఎండిన గడ్డి మీద పడుతుంది, ఆ కోతతో ఏ నష్టమూ లేదు. సదర్ పండుగ అలా కాదు. ఎప్పుడూ దీపావళిని అంటిపెట్టుకునే వస్తుంది. యాదవ సోదరులు దున్నపోతులకు కొమ్ములు నునుపు చేసి, పూలు కట్టి ఊరేగించే ఆ రోజులకు బీడులో గింజ ఇంకా సగమే రాలి ఉంటుంది.

అందుకే పండుగ మేతకు కోత కుదుర్చుకునే ముందు క్యాలెండర్ చూడండి. ఈ ఏడు పండుగ ఏ కార్తెలో వస్తోంది? బీడు అప్పుడు ఏ దశలో ఉంటుంది? పిలక దశలోనో గింజ దశలోనో ఉంటే ఆ మేతకు వేరే ఏర్పాటు చేసుకోండి. గట్టున సుబాబుల్ రొట్ట, మడిలో జొన్న చొప్ప, లేదా కొన్న నీటి గడ్డి. బీడును ఆ ఏటికి వదిలేయండి.

4. మేపండి, కానీ నేల కనిపించేదాకా వద్దు

"సార్, అయితే కంచె వేసి అసలు ఎవర్నీ రానివ్వను" అంటారు కొందరు. అదీ తప్పే. ఏ పశువూ రాని బీడులో పొడుగు గడ్డి దుబ్బులు ఏటేటా ఎండి, పాత చొప్ప చొప్పగానే నిలబడి, కింద చిన్న మొక్కకు వెలుగు లేకుండా చేస్తాయి. యూరియా చేసే పనే మెల్లగా చేస్తుంది. తెలంగాణలో మన పెద్దలు కంచ అన్న మాటను వాడింది మేత కోసం కాపాడిన నేలకు. కాపాడినది, కానీ మేతకే. 2025లో పేపర్లన్నిటా కనిపించిన కంచ గచ్చిబౌలి పేరులో ఉన్నది ఆ మాటే. రెవెన్యూ కాగితాల్లో బంచరాయి, గైరాన్ అన్న మాటలు చూశారా? అవీ ఊరి పశువుల కోసం వదిలిన నేలలే. ఊరి నోట్లో ఇన్ని మాటలు ఉన్నాయంటే ఊరికి ఆ నేలతో ఎంత పని ఉండేదో చూడండి.

ఎంత మేపాలి? పిడికిలి లెక్క పెట్టుకోండి. దుబ్బు మొదట్లో పిడికిలి ఆనించండి. పిడికిలి కంటే పొట్టిగా కొరికి ఉంటే మందను లేపాల్సిన సమయం దాటిపోయింది. గుబురు గడ్లు మళ్లీ లేవడానికి కావాల్సిన నిల్వ అంతా ఆ మొదట్లోనే ఉంటుంది. అది పోతే దుబ్బు పోతుంది. డెక్కన్ బీడుల్లో సెహిమా, డైకాంథియం అనే మంచి మేత గడ్లు ఉంటాయి. పశువులకు ఇష్టం కాబట్టి ముందు అవే పోతాయి. తరవాత ముల్లు గడ్డి పెరుగుతుంది. ఇంకా మేపితే అదీ పోయి, నాలుగు వారాలు పచ్చగా ఉండి ఎండిపోయే పీచు గడ్డి మిగులుతుంది. ఈ దిగుడు మెట్లు మన దేశంలో గడ్డి మీద పనిచేసిన వాళ్లంతా చూసినవే. మీ రిమ్ములో ఏ మెట్టు పడిందో చూసుకోండి.

నాలుగెకరాలైతే మూడు ముక్కలు చాలు. ఒకదాన్ని వానాకాలమంతా విడిచి, గింజ రాలాక మేపండి. మిగతా రెంటిలో పది పదిహేను రోజులకొకసారి మందను మార్చండి. కంచెకు డబ్బు పెట్టక్కర్లేదు, కాసే మనిషికి గుర్తు చూపిస్తే చాలు. మూలల్లో సున్నం పూసిన నాలుగు రాళ్లు.

మంద మీదా ఒక మాట. 2017 జూన్‌లో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో 75 శాతం సబ్సిడీతో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. చాలా ఇళ్లకు ఆదుకోలు అయింది. కానీ గొర్రెలు వచ్చినట్టు కంచలు రాలేదు. మీ ఊళ్లో మంద పెరిగి ఉంటే మీ బీడు మీద పడే నోళ్లూ పెరిగాయి. "మా బీడు, మా ఇష్టం" అని కొట్లాటకు పోకండి. ఏ నెలలో రావచ్చో, ఏ ముక్కకు రావచ్చో ముందే మాట్లాడుకోండి. గింజ రాలాక వచ్చిన మంద మీకు మేలే చేస్తుంది. డెక్కలతో గింజను మట్టిలోకి తొక్కుతుంది.

5. నిప్పు పెట్టకండి. ఎండాకాలంలో కాలిస్తే వానకు పచ్చగా లేస్తుంది, నిజమే. లేచేది నిప్పును తట్టుకునే ముల్లు గడ్డి లాంటివే. ఏటా కాల్చిన బీడులో ఆఖరుకు వాటి రాజ్యమే.

6. మందు కొట్టేటప్పుడు గట్టును వదిలేయండి

మీ పొలంలో విత్తనాల బ్యాంకు ఏది? గట్టు. దున్నని చోటు అదొక్కటే కాబట్టి, చెలకలో పోయినవన్నీ అక్కడ తలదాచుకుంటాయి. మొక్కజొన్నకు అట్రజిన్ కొట్టేటప్పుడు, పత్తికి గడ్డి మందు కొట్టేటప్పుడు, ట్యాంకులో మిగిలింది వృథా ఎందుకని గట్టు మీద కొట్టేస్తారు. ఆ రెండు నిమిషాల్లో పదేళ్ల పొదుపు పోతుంది.

జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌కు ఒకసారి వెళ్లి రండి. 1983 నుంచి అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. దాని సంఘాల్లోని మహిళలు మందులు లేకుండా ఒకే చేనులో జొన్న, సజ్జ, కంది, పెసర, ఇంకెన్నో కలిపి సాగు చేస్తారు. సాళ్ల మధ్య తనంత తానుగా మొలిచే ఆకులను కలుపు అని పారేయరు, కూర వండుతారు. తుమ్మి కూర, చెంచలి కూర, గునుగు లేత ఆకు, గంగవావిలి. ఆ గంగవావిలినే మన పాతబస్తీలో కుల్ఫా అని కట్టలు కట్టి అమ్ముతారు. మన గోష్త్‌లో పడే కూర వాళ్లకు ఒక చోట ఊరికే దొరుకుతోంది, మనం ఒక చోట మందు కొట్టి చంపుతున్నాం. ఏది కలుపు, ఏది కూర అన్నది మొక్కలో లేదు, మన కంటిలో ఉంది. అందుకే మందు డబ్బా మూత తీసేముందు ఒకసారి రిమ్ము విసరమంటున్నాను.

7. ఇద్దరు దొంగలను మాత్రం వదలకండి

ఒకటి వయ్యారిభామ. 1950ల్లో పుణె దగ్గర మొదట కంటపడి దేశమంతా పాకింది. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది. తెల్ల పూలు రాకముందే, వాన పడి మట్టి మెత్తగా ఉన్నప్పుడు వేరుతో పీకాలి. చేతికి తొడుగు లేకుండా ముట్టకండి. దద్దుర్లు, ఆయాసం తెప్పిస్తుంది. పూత వచ్చాక పీకి గట్టు మీద పడేస్తే? మీరే విత్తినట్టు.

రెండోది సర్కారు తుమ్మ. నరికి ఊరుకుంటే మొద్దు నుంచి నాలుగు కొమ్మలు లేస్తాయి. వేరు మొదలు కంటా తవ్వాలి. ఇంకో దారి కూడా కాయాలి. మేకలు దాని తీపి కాయలు తిని, గింజలను పెంటికలతో మీ బీడులో విత్తుతాయి. తుమ్మ చెట్ల కింద మేసిన మందను తెచ్చి నేరుగా బీడులోకి తోలకండి, రెండు మూడు రోజులు దొడ్లో ఉంచండి. మేకల పెంట కొనేటప్పుడూ ఇది అడగండి.

8. నాటడం ఆఖరు పని

చాలామంది దీంతోనే మొదలుపెడతారు. బీడు ఖాళీగా కనిపిస్తుంది. మొక్కలు నాటాలనిపిస్తుంది. గుంతలు తీసి, వరసగా చెట్లు పెట్టి, ఫొటో దిగుతారు. పదేళ్లకు నీడ కమ్మి, ఎండ కోరే గడ్లన్నీ పోతాయి. చెట్టు లేని నేల అంతా బోసి నేల కాదు. మన చెలక బీడు చాలా చోట్ల గడ్డి నేలగానే ఉండాల్సిన నేల. గట్ల మీద వేప, చింత పెట్టుకోండి, మధ్యను వదిలేయండి. అనుమానం ఉంటే వనస్థలిపురంలో మహావీర్ హరిణ వనస్థలికి ఒక పొద్దున వెళ్లండి. నిజాం వేట మైదానంగా ఉన్న చోటు అది. కృష్ణజింకలు ఏ నేలలో ఇష్టంగా తిరుగుతున్నాయో మీ కళ్లతో చూడండి.

పోయిన రకాలను తెచ్చుకోవాలంటే? ముందు మీ గట్టు నుంచి. చిత్త, స్వాతి కార్తెల్లో గింజతో ఉన్న గడ్డిని గట్టు మీద సగం కోసి, బోసి చోట పలచగా పరచండి. గింజ అక్కడే రాలుతుంది. చొప్ప తేమను కాపాడుతుంది. గట్టు కూడా ఖాళీ అయితే పక్క రైతును రెండు మోపులు అడగండి. మీ చెలక లాంటి చెలక నుంచే తెచ్చుకోండి. మేత మరీ కరువైతే స్టైలో వేసుకోవచ్చు. అది పప్పుజాతి, మెట్ట నేలకు సరిపోతుంది. అయితే ఒక ముక్కలోనే వేయండి. సంతోష్‌నగర్‌లో, మన బస్తీల పక్కనే క్రీడా ఉంది. మెట్ట వ్యవసాయానికి దేశం మొత్తానికీ ఉన్న కేంద్ర పరిశోధన సంస్థ అది, 1985 నుంచి. స్టైలో, అంజన్ గడ్డి లాంటి మెట్ట మేతల గురించి అక్కడికి వెళ్లి అడగండి. ఆటో దూరంలో ఉన్న జ్ఞానాన్ని మనం ఎందుకు వాడుకోం?

"ఇదంతా సరే, నా బర్రెలకు పాలు తగ్గితే?"

న్యాయమైన ప్రశ్న. పాల బర్రెను బీడు మీదే బతికించమని నేను అనడం లేదు. నీళ్లున్న మూల పది గుంటలు మడి కట్టి, అక్కడ నీటి గడ్డో నేపియరో పెంచండి. పెంట అంతా అక్కడికే. బలం, నీరు, నెలనెలా కోత, అన్నీ ఆ మడికి. అప్పుడు మిగతా బీడు మీద ఆశ తగ్గుతుంది. వట్టిపోయిన బర్రెలు, దుడ్డెలు, గొర్రెలు బీడులో మేస్తాయి. పది రకాలు ఉన్న బీడు ఒక వాన తప్పినా ఏదో ఒకటి పచ్చగా పెడుతుంది. లోతు వేరు ఒకదానికి, తొందర మొలక ఇంకొకదానికి. ఒకటే గడ్డి ఉన్న బీడు ఎండితే మొత్తం ఎండుతుంది.

మొదటి ఏడు మీ రిమ్ములో సగటున నాలుగు రకాలు వచ్చాయనుకోండి. రెండో ఏడు నాలుగే రావచ్చు. నిరాశ పడకండి, చాలామంది ఇక్కడే మళ్లీ యూరియా బస్తా ఎత్తుకుంటారు. మూడో ఏడు ఐదో ఆరో పడితే మీరు దారిలో ఉన్నట్టే. రాసుకోండి.

ఈ పట్టిక కోసి కొట్టం గోడకు అంటించుకోండి:

మృగశిర, ఆరుద్ర: బీడులోకి మంద వద్దు. వయ్యారిభామ మొలకలు పీకాలి.

పుష్యమి నుంచి మఖ దాకా: రెండు ముక్కల్లో మార్చి మార్చి మేత. పిడికిలి చూసి లేపాలి. మూడో ముక్క ముట్టవద్దు.

ఉత్తర, హస్త: రిమ్ము పది సార్లు. బతుకమ్మకు గునుగు కోసేటప్పుడు ప్రతి గుంపులో సగం కంకులు మొక్క మీదే ఉంచాలి.

చిత్త, స్వాతి: గింజ గడ్డి సగం కోసి బోసి చోట పరచాలి. పక్క మందల వాళ్లతో మాట్లాడుకోవాలి.

విశాఖ: మూడో ముక్క కోత. తరవాత మందను తోలాలి. గట్టు మీద మిగిలిన సగం అలాగే నిలబడనివ్వాలి.